స్క్రాబుల్‌లో చిన్న చిన్న వింత పదాలు: అర్థాలు తెలిస్తే ఆటకు పనికొస్తాయా?

ప్రశ్న: ఏడుబిళ్ళలు

అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఇంగ్లీషు పదాలు పేర్చే స్క్రాబుల్‌లో రెండక్షరాల, మూడక్షరాల పదాలకు జాబితాలు కావలసినన్ని దొరుకుతున్నాయి. కానీ అవి ఉత్త అక్షరాల వరసలు. బట్టీ పట్టినవి వారం తిరిగేసరికి కలగాపులగం అయిపోతున్నాయి. అందుకని మూడు సంగతులు అడగదలిచాను.

అర్థాలతో సహా నేర్చుకుంటే బోర్డు మీద నిజంగా ఏమైనా లాభం ఉందా, లేక జ్ఞాపకానికి ఊతం మాత్రమేనా?

జెడ్-ఏ అనే పదాన్నీ, జెడ్-ఓ అనే పదాన్నీ ఒక యాప్ తీసుకుంటోంది. ఇంకో యాప్ జెడ్-ఏ తీసుకుని జెడ్-ఓని తోసేస్తోంది. ఏది సరైనది?

క్యూ చేతిలో ఉండి యు రానప్పుడు, అన్నీ అచ్చులో అన్నీ హల్లులో వచ్చిపడినప్పుడు ముందుగా ఏ పదాలు గుర్తుకు రావాలి?

స్పెల్లింగ్ దగ్గర అనుమానం లేకుండా పదాలను అక్షరాలుగా విడదీసి రాశాను. జవాబులూ అలాగే రాస్తే మేలు.

జవాబు 1: పలుకురాయి

ముందు రెండో ప్రశ్న తేల్చుకోండి, మిగతావి తేలికవుతాయి. ఇంగ్లీషు స్క్రాబుల్‌కి జాబితా ఒకటి కాదు, రెండు. అమెరికా, కెనడాల్లో నాస్పా అనే ఆటగాళ్ళ సంఘం జాబితా నడుస్తుంది. మిగతా దేశాల్లో చాలావరకు కాలిన్స్ డిక్షనరీవాళ్ళ జాబితా. నాస్పా 2018 జాబితాలో రెండక్షరాల పదాలు 107. కాలిన్స్ 2019 జాబితాలో 127. ఆ తేడాలో మీ జెడ్-ఓ ఒకటి. జడలబర్రెకూ మామూలు ఆవుకూ పుట్టిన సంకరపు పశువు అది. కాలిన్స్‌లో డి-జెడ్-ఓ, జెడ్-హెచ్-ఓ, డి-ఎస్-ఓ అన్నా అదే జంతువు. జెడ్-ఏ అంటే పిజ్జాకు వాడుకలో కుదించిన మాట. అది రెండు జాబితాల్లోనూ ఉంది.

కాబట్టి మీ రెండు యాప్‌లూ సరైనవే, వాటి డిక్షనరీలు వేరు. ఆట మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లో డిక్షనరీ పేరు చూసుకోవాలి. ఎదుటివాళ్ళతో బల్ల దగ్గర కూర్చుని ఆడితే, మొదటి బిళ్ళ తీయకముందే ఏ జాబితానో ఒప్పుకోవాలి. మధ్యలో తేల్చుకోబోతే ఆట అక్కడే ఆగిపోతుంది. వర్డ్స్ విత్ ఫ్రెండ్స్ అనే ఫోన్ ఆట అయితే పూర్తిగా వేరే లెక్క. అందులో జె విలువ 8 కాదు, 10. ఏడు బిళ్ళలూ ఒకేసారి దింపితే వచ్చేది 50 కాదు, 35. అక్కడి అలవాట్లు ఇక్కడికి తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది.

ఇక అర్థాల సంగతి. నా దృష్టిలో లాభం ఉంది, అదీ ఒక్కచోటే, కానీ పెద్దచోట. పదం నామవాచకమా, క్రియా, విశేషణమా, ఉత్త ఆశ్చర్యార్థకమా అన్నది అర్థంలోనే దొరుకుతుంది. చివర ఎస్ చేరుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. ఏ-ఐ అంటే మూడు గోళ్ళ స్లాత్, చెట్లకు వేలాడే మందకొడి జంతువు. జంతువు కాబట్టి బహువచనం ఉంటుంది: ఏ-ఐ-ఎస్ చెల్లుతుంది. ఏ-ఇ అంటే స్కాట్లండ్ మాటల్లో ‘ఒక’. అది విశేషణం, దానికి ఎస్ అతకదు. చూడటానికి రెండూ అచ్చుల జంటలే. ఎస్ దగ్గరికి వచ్చేసరికి ఒకటి తలుపు తెరుస్తుంది, రెండోది తెరవదు.

ఆ ఏ-ఇకి ముందువైపు మాత్రం తలుపులు చాలా ఉన్నాయి, అన్నీ దాదాపు స్కాట్లండ్ ఉచ్చారణలే. ఎన్-ఏ-ఇ అంటే కాదు, ఎస్-ఏ-ఇ అంటే అలా, జి-ఏ-ఇ అంటే వెళ్ళు, హెచ్-ఏ-ఇ అంటే కలిగి ఉండు, ఎమ్-ఏ-ఇ అంటే ఎక్కువ, డబ్ల్యూ-ఏ-ఇ అంటే దుఃఖం. కె-ఏ-ఇ ఒక్కటి పక్షి, కాకి జాతిది. మామూలు ఇంగ్లీషు మాటలో ఓ ఉన్నచోట స్కాట్లండ్‌లో ఏ-ఇ పలుకుతారని పట్టుకుంటే వీటిలో సగం వాటంతటవే గుర్తుంటాయి. ఉత్త జాబితాగా చదివితే ఈ ఏడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

బహువచనం దగ్గర ఎక్కువమంది పడే గోతులు ఇవి: టి-ఏ-జె అంటే దర్వీషులు పెట్టుకునే పొడవాటి టోపీ. దానికి ఉత్త ఎస్ చేర్చరు, ఇ-ఎస్ చేర్చాలి. ఆర్-ఏ-జె కూడా అంతే. జె-ఓ అంటే ప్రియమైన మనిషి, మళ్ళీ స్కాట్లండ్ మాటే. దాని బహువచనం జె-ఓ-ఇ-ఎస్ అని గుర్తుపెట్టుకుంటే ఏ జాబితాలోనూ ఇబ్బంది రాదు. జెడ్-యు-జెడ్ అనే పాత హీబ్రూ వెండి నాణేనికి బహువచనం జెడ్-యు-జెడ్-ఐ-ఎమ్. ఎల్-ఇ-వి అనే బల్గేరియా పాత నాణేనికి ఎల్-ఇ-వి-ఏ.

జవాబు 2: గళ్ళబోర్డు

క్యూ గురించి చెబుతాను, అన్నిటికంటే పాయింట్లు పోయేది అక్కడే.

బిళ్ళలు మొత్తం 100. అందులో క్యూ ఒక్కటి, యు నాలుగు, ఖాళీ బిళ్ళలు రెండు. యు కోసం ఎదురుచూస్తూ క్యూని అట్టేపెట్టుకుంటే రెండు మూడు ఎత్తులు ఆరు బిళ్ళలతోనే ఆడుతున్నట్టు లెక్క. ఆట ముగిసేటప్పుడు అది చేతిలోనే మిగిలిపోతే ఎదుటివాళ్ళకూ మీకూ మధ్య 20 పాయింట్ల తేడా పడుతుంది. కాబట్టి యు లేని క్యూ పదాలు ముందే నోటికి వచ్చి ఉండాలి.

మొదటిది క్యూ-ఐ. చైనా ఆలోచనలో శరీరంలో పారే ప్రాణశక్తి. పలకడం ‘చీ’ అని. ఎస్ చేరుతుంది. అదే మాటకు సి-హెచ్-ఐ, కె-ఐ అనే స్పెల్లింగులు కూడా చెల్లుతాయి, మూడింటినీ ఒకే అర్థం కింద కట్టిపెట్టుకోండి. తర్వాత క్యూ-ఏ-టి, నమిలితే మత్తెక్కించే ఆకు. క్యూ-ఓ-పి-హెచ్, హీబ్రూ అక్షరం పేరు. క్యూ-ఏ-ఐ-డి, ముస్లిం తెగల నాయకుడు. క్యూ-ఏ-ఎన్-ఏ-టి, ఇరాన్ వైపు భూమి లోపల తవ్విన నీటికాలువ. టి-ఆర్-ఏ-ఎన్-క్యూ, మత్తుమందుకు పొట్టి పేరు.

తెలుగువాళ్ళకు కొన్ని ఊరికే వచ్చేస్తాయి, ఎందుకంటే మాటలు ముందే తెలుసు: ఖాజీకి క్యూ-ఏ-డి-ఐ, ఫకీరుకు ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, తలాకుకు టి-ఏ-ఎల్-ఏ-క్యూ, నికాబుకు ఎన్-ఐ-క్యూ-ఏ-బి. అన్నిటికీ ఎస్ అతుకుతుంది. మనం ‘ఖ’, ‘క’ అని పలికే చోట ఇంగ్లీషులో క్యూ పడుతుందని గుర్తుంటే చాలు.

ఇప్పుడు క్యూ-ఐతో అసలు లాభం ఎక్కడుందో ఒక ఎత్తు చూపిస్తాను. బోర్డు మీద అడ్డంగా ఎస్-హెచ్-ఐ-ఎన్ అని ఉందనుకోండి. అందులోని ఐకి సరిగ్గా పైన ట్రిపుల్ లెటర్ గడి ఖాళీగా ఉంది, చుట్టుపక్కల వేరే బిళ్ళలు లేవు. క్యూని ఆ గడిలో పెట్టి, దాని కుడిపక్క ఐ పెట్టండి. అడ్డంగా క్యూ-ఐ వచ్చింది: క్యూ 10కి మూడింతలు 30, ఐకి 1, మొత్తం 31. నిలువుగా మీ క్యూ, కిందనున్న ఐ కలిసి మళ్ళీ క్యూ-ఐ: ఇంకో 31. మీరు పెట్టిన ఐ, దాని కిందనున్న ఎన్ కలిసి ఐ-ఎన్: 2. రెండే బిళ్ళలకు 64 పాయింట్లు.

ఈ ఎత్తు చెడేది మూడో పదం దగ్గర. మీ ఐ కింద ఏ అక్షరం పడుతుందో చూడకుండా పెట్టేస్తారు. అక్కడ ఎన్, టి, ఎస్, డి, ఎఫ్ ఉంటే రెండు జాబితాల్లోనూ సరే. ఓ ఉంటే ఐ-ఓ కాలిన్స్‌లో మాత్రమే చెల్లుతుంది. సి గానీ వి గానీ ఉంటే ఎక్కడా చెల్లదు. బోర్డు మీది పదం ఆ ఐతోనే ముగిసి, దాని తర్వాతి గడి ఖాళీగా ఉంటే ఏ గొడవా లేదు. 62 పాయింట్లు వచ్చి ఊరుకుంటాయి.

ఎక్స్‌తోనూ ఇదే పద్ధతి. రెండక్షరాల్లో ఎక్స్ పదాలు అయిదు: ఏ-ఎక్స్, ఇ-ఎక్స్, ఓ-ఎక్స్, ఎక్స్-ఐ, ఎక్స్-యు. ఎక్స్-ఐ గ్రీకు అక్షరం, ఎక్స్-యు ఒకప్పుడు వియత్నాం డాంగ్‌లో నూరో వంతు. ఎక్స్ విలువ 8, ట్రిపుల్ లెటర్ మీద 24. రెండు వైపులా పదం పడితే 50. అయిదు అచ్చుల్లో దేనితోనైనా ఎక్స్ అతుకుతుంది కనుక క్యూ కంటే దీనికి చోట్లు ఎక్కువ దొరుకుతాయి. అందుకే ఎక్స్ చేతికి వచ్చిన వెంటనే పది పన్నెండు పాయింట్లకు అమ్మేయకండి, ఒకటి రెండు ఎత్తులు ఆగి చూడటం నయం. క్యూని అలా ఆపకూడదు.

జవాబు 3: ఉయ్యాలస్వరం

అచ్చులూ హల్లుల గురించి నేను రాస్తాను.

అచ్చులు మూడో నాలుగో ఎక్కువైనప్పుడు మొత్తం ఒకేసారి వదిలించుకోవాలని చూడకండి, రెండు మూడు తగ్గినా ర్యాక్ (మీ బిళ్ళలు పేర్చుకునే పలక) కుదుటపడుతుంది. ఏ-ఏ అంటే గరుకుగా, ముక్కలు ముక్కలుగా గడ్డకట్టిన లావా. హవాయి మాట. నున్నగా గడ్డకట్టే లావాకు పి-ఏ-హెచ్-ఓ-ఇ-హెచ్-ఓ-ఇ అని వేరే పేరుంది, అదీ చెల్లుతుంది. ఓ-ఇ అంటే ఫారో దీవుల దగ్గర లేచే సుడిగాలి. ఏ-ఐ సంగతి పైన వచ్చింది. దానికి తోడు యు-ఎన్-ఏ-యు ఉంది, అది రెండు గోళ్ళ స్లాత్. మూడు గోళ్ళదానికి రెండక్షరాలు, రెండు గోళ్ళదానికి నాలుగు అని తిరగేసి గుర్తుపెట్టుకోవచ్చు. యు రెండు ఒకేసారి వచ్చినప్పుడు యు-ఎన్-ఏ-యు, ఎల్-యు-ఏ-యు తప్ప పొట్టివి పెద్దగా తోచవు. రెండోది హవాయి విందు.

ఐ రెండు వస్తే ఐ-ఎల్-ఐ-ఏ, తుంటి ఎముకలు. ఐ-ఎక్స్-ఐ-ఏ, దక్షిణాఫ్రికా పూలమొక్క. ఏ-ఏ-ఎల్-ఐ-ఐ అనే హవాయి చెట్టు రెండు ఏలనూ రెండు ఐలనూ ఒకేసారి దించేస్తుంది. టి-ఓ-ఇ-ఏ పాపువా న్యూగినీ చిల్లర. ఇ-యు-ఓ-ఐ అన్నీ అచ్చులే ఉన్న పదం, పాత గ్రీకు ఉత్సవాల్లో వేసే కేక. కాలిన్స్ వాళ్ళకు మాత్రమే.

హల్లులే వచ్చిపడినప్పుడు మొదట తోచవలసింది సి-డబ్ల్యూ-ఎమ్. కొండల నడుమ హిమానీనదం తొలిచిన గిన్నెలాంటి లోయ. వేల్స్ మాట, ‘కూమ్’ అని పలుకుతారు. ఎవరెస్టు ఎక్కే దారిలోని వెస్టర్న్ కూమ్ ఇదే స్పెల్లింగు. ఆ పేరు పెట్టింది పర్వతారోహకుడు జార్జ్ మాలరీ, 1921లో. సి-ఆర్-డబ్ల్యూ-టి-హెచ్ అదే భాషలో పాత తీగవాద్యం. వేల్స్ భాషలో డబ్ల్యూ అచ్చుగా పనిచేస్తుంది, ‘ఊ’ అని పలుకుతుంది. అది తెలిస్తే ఈ రెండు పదాలూ వింతగా అనిపించవు, స్పెల్లింగూ మరిచిపోరు. రెండింటికీ ఎస్ చేరుతుంది.

మిగతావి చాలావరకు నోటి చప్పుళ్ళు: హెచ్-ఎమ్, ఎస్-హెచ్, పి-ఎస్-టి, పి-ఎస్-ఎస్-టి, బి-ఆర్-ఆర్, టి-ఎస్-కె. మామూలుగా చప్పుళ్ళకు ఎస్ అతకదు. హెచ్-ఎమ్ చివర ఇంకో ఎమ్ చేరుతుంది, ముందు ఓ పెడితే ఓ-హెచ్-ఎమ్, విద్యుత్ నిరోధపు కొలత. ఎస్-హెచ్ చివర ఇంకో హెచ్ చేరుతుంది. టి-ఎస్-కె మాత్రం క్రియ కూడా, పెదవి విరుస్తూ చప్పుడు చేయడం. కనుక టి-ఎస్-కె-ఎస్, టి-ఎస్-కె-ఇ-డి రెండూ చెల్లుతాయి. ఏ-హెచ్, ఓ-హెచ్‌లదీ అదే దారి. పలుకురాయి గారు చెప్పిన సూత్రం మంచిదే, కానీ చప్పుళ్ళ దగ్గర ఒక్కొక్కటీ విడిగా సరిచూసుకోవాల్సిందే.

వైని అచ్చుగా వాడుకోవడం మరవకండి. పి-వై-ఎక్స్, చర్చిలో పవిత్రమైన అప్పం దాచే పెట్టె, 15 పాయింట్లు. ఎక్స్-వై-ఎస్-టి, పొడవాటి స్తంభాల వసారా.

జవాబు 4: లెక్కలగడి

పై జవాబులతో ఒకచోట విభేదిస్తున్నాను. అర్థం తెలియకపోయినా గెలవొచ్చు. న్యూజీలాండ్ ఆటగాడు నైజల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే చేశాడు. బోర్డుకు కావలసింది ఏది చెల్లుతుంది, దానికి ముందూ వెనకా ఏం అతుకుతుంది అన్న రెండే. అర్థం చదవడానికి పెట్టే సమయాన్ని అతుకుల మీద పెడితే ఇంకా త్వరగా ఫలితం కనబడుతుంది.

పద్ధతి ఇదీ. ఒక్కో పదానికి ఒక్కో కార్డు. కార్డు ముందువైపు మధ్యలో పదం రాయాలి. పదానికి ముందు చేరే అక్షరాలు ఎడమవైపు, చివర చేరేవి కుడివైపు, కార్డు వెనుకవైపు రాయాలి. కె-ఐ కార్డు వెనక ఎడమవైపు ఎస్ ఒక్కటే. కుడివైపు డి, ఎఫ్, ఎన్, పి, ఆర్, ఎస్, టి. ఇవి రెండు జాబితాల్లోనూ సరిపోతాయి. క్యూ-ఐ కార్డుకు కుడివైపు ఎస్ వస్తుంది. రోజుకు పది కార్డులు చాలు, కాలిన్స్‌వి అయినా రెండు వారాల్లోపే రెండక్షరాలవి అయిపోతాయి. తప్పినవి మర్నాడు, సరిగా చెప్పినవి మూడు రోజుల తర్వాత, ఆపైన వారానికి. మూడక్షరాల పదాలు వెయ్యి పైన ఉంటాయి. వాటిని మొదటి నుంచి చివరిదాకా చదవకుండా జె, క్యూ, ఎక్స్, జెడ్ ఉన్నవి ముందు తీసుకోండి.

ఏడుబిళ్ళలు

అందరికీ ధన్యవాదాలు. డిక్షనరీ సంగతి తేలింది. ఇంకొక్కటి: వి ఎక్కడా ఇమడటం లేదు. రెండక్షరాల్లో దానికి ఏ పదం ఉంది? అలాగే లెక్కలగడి గారు చెప్పిన మూడక్షరాల జెడ్, ఎక్స్ పదాలు కొన్ని అర్థాలతో చెబుతారా?

జవాబు 5: పలుకురాయి

వికి రెండక్షరాల పదమే లేదు. రెండు జాబితాల్లోనూ లేదు. వి-ఐ, టి-వి లాంటివి పెట్టి ఎత్తు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది. సి కూడా దాదాపు అంతే, కాలిన్స్‌లో సి-హెచ్ ఒక్కటి ఉంది, నాస్పాలో అదీ లేదు. అందువల్ల వి ఉన్న పదం పక్కన ఒరుసుకుంటూ ఇంకో పదం పెట్టడం కుదరదు. మీకు అది ఇబ్బంది అయినట్టే ఎదుటివాళ్ళకూ ఇబ్బంది. మీరు ముందంజలో ఉండి బోర్డు మూసేయాలనుకున్నప్పుడు, తెరిచి ఉన్న వరసలో వి పడేలా పెట్టండి, ఆ పక్క వాళ్ళు సమాంతరంగా ఆడలేరు.

వదిలించుకోవాలంటే మూడక్షరాలు కావాలి. వి-యు-జి, రాతిలోపల స్ఫటికాలు పేరుకున్న బొరియ. వి-ఓ-ఇ, షెట్లండ్ వైపు చిన్న సముద్రపు పాయ. ఏ-వి-ఓ, మకావు పటాకాలో నూరో వంతు. టి-ఏ-వి, వి-ఏ-వి హీబ్రూ అక్షరాలు. రెండోది ఉన్న రెండు విలనూ ఒకేసారి తీసేస్తుంది. నాలుగక్షరాల్లో యు-వి-ఇ-ఏ, కంటి మధ్యపొర. మూడు అచ్చులు కూడా పోతాయి కాబట్టి నాకు చాలా ఇష్టమైన పదం.

జెడ్, ఎక్స్‌లలో జెడ్-ఏ-ఎక్స్ మొదటిది. పైకప్పు పలకరాయి కోసే పనిముట్టు, 19 పాయింట్లు. దాన్నే ఎస్-ఏ-ఎక్స్ అని కూడా అంటారు. జెడ్ లేకపోయినా పదం నిలుస్తుంది. ఏ-డి-జెడ్, బాడిస. జెడ్-ఇ-కె, సోవియట్ నిర్బంధ శ్రమశిబిరాల్లోని ఖైదీ. జెడ్-ఏ-ఆర్-ఎఫ్, వేడి కాఫీ కప్పు చేతికి కాలకుండా పట్టుకునే తొడుగు. జి-ఓ-ఎక్స్ వాయురూపంలోని ఆక్సిజన్, ఎల్-ఓ-ఎక్స్ ద్రవరూపంలోనిది. మొదటి అక్షరాలే తేడా చెప్పేస్తాయి. ఎక్స్‌తో ముగిసే నామవాచకాలకు బహువచనం మామూలుగా ఇ-ఎస్‌తో, ఉత్త ఎస్‌తో కాదు.

లెక్కలగడి గారికి ఒక మాట. కార్డుల పద్ధతి నేనూ ఒప్పుకుంటాను. అర్థాన్ని అదే కార్డు మీద రెండు మాటల్లో రాసుకోమంటున్నాను, అంతే. ‘రాతిబొరియ’ అని రాసి ఉంటే దానికి ఎస్ చేరుతుందని వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

జవాబు 6: గళ్ళబోర్డు

ఒక చిన్న చేర్పు. సంచిలో ఏడు బిళ్ళలకంటే తక్కువ ఉంటే చేతిలోని బిళ్ళలు సంచిలో వేసి వేరేవి మార్చుకోవడం కుదరదు. క్యూ గానీ వి గానీ చేతిలో ఇరుక్కుందని అనిపిస్తే ఆ హద్దు దాటకముందే తేల్చుకోవాలి. సంచి పదిహేనుకు దిగేసరికి బోర్డు మీద ఐ పక్కన క్యూ పెట్టే చోటు ఒకటైనా తెరిచి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ ఎత్తు వదులుకుని క్యూని మార్చేయండి.